ఆరుగురి బండి
కుటుంబ వాహనములలో కూర్చుండు తీరును గూర్చిన పాఠము

బండిని కొనువారు యంత్రపు బలమును, నూనె ఖర్చును, రంగును విచారింతురు. అద్దెకు మాటలాడువారు కిరాయిని విచారింతురు. అందులో ఎవరు ఎక్కడ కూర్చుందురను ప్రశ్న మాత్రము తలుపు తెరిచిన తరువాతనే మనకు తోచును. అప్పటికి పెద్దలు లోపల చేరియుందురు. సామాను వెనుక నింపబడియుండును. చిన్నపిల్ల యొకతె వీథిలో మిగిలియుండును. "రా అమ్మా, నా ఒళ్ళో కూర్చుందువుగాని" అని ఎవరో ఒకరు పిలుతురు. అంతటితో ప్రశ్న తీరినదని బండి కదలును. ఆ ప్రశ్న నిజముగా తీరినదా యని విచారించుటయే ఈ పాఠము.

బరంపురమునుండి సోనేపూర్ సముద్రతీరమునకు పోవు ఒక తెలుగు కుటుంబమును తలచుకొనుడు. తాతగారు, నాయనమ్మ, తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. మొత్తము ఆరుగురు. పులిహోర గిన్నె, మంచినీళ్ళు, తడిసిన బట్టలకు మారుబట్టలు గల సంచి వీరితోనుండును. సాధారణమైన కారులో ఐదు ఆసనములే కలవు. మన కుటుంబమునకు ఒకటి తక్కువ. ఈ ఆరవ మనిషిని ఎక్కడ కూర్చుండబెట్టవలెనని ప్రపంచమున బండ్లు చేయు శిల్పులు చాలకాలము ఆలోచించిరి. వారిలో కొందరు చెప్పిన సమాధానము మిక్కిలి వింతగా నుండెను. దానిని తెలిసికొనుటకు ముందు మన పాత బండ్లను ఒకసారి చూతము.

పూర్వపు బండ్లు చెప్పు పాఠము

గూడుబండిలో ఆసనములు లేవు. గడ్డి పరచి, దానిపై జంబుఖానా వేసి, అందరును కాళ్ళు ముడుచుకొని కూర్చుండెడివారు. ఎవరికిని నిర్ణీతమైన చోటు లేదు. బండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచునది గనుక పిల్లవాడు జారిపడినను మోకాలు గీచుకొనుటతో పోయెడిది.

జట్కాబండి మరియొక సంగతి నేర్పినది. దానికి రెండే చక్రములు. జనము ఇరుసునకు వెనుకవైపున ఎక్కువగా కూర్చున్నచో బండి వెనుకకు వాలి, ముందరి కర్రలు పైకి లేచి, గుఱ్ఱపు పొట్టక్రింది పట్టెడ బిగియును. బరువంతయు ముందునకు వచ్చినచో గుఱ్ఱపు వీపు నలుగును. అందుచేతనే జట్కావాడు "బాబూ, కొంచెం ముందుకు జరగండి, అమ్మగారూ, మీరు వెనక్కి" అని మనుష్యులను సర్దిన పిదపనే కళ్ళెము పట్టెడివాడు. ఎవరు ఎక్కడ కూర్చుందురను దానిపై బండి నడక ఆధారపడునని బడికి పోని ఆ జట్కావానికి తెలియును. మోటారు బండి నాలుగు చక్రములపై కదలక నిలుచుటచే ఆ జ్ఞానము మనకు మరపు వచ్చినది.

తరువాత అంబాసిడరు కారు వచ్చినది. పశ్చిమ బంగాళములోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950వ దశకము చివరనుండి 2014 వరకు దానిని తయారుచేసిరి. దాని పాత నమూనాలలో ముందుభాగమున రెండు విడి ఆసనములకు బదులు ఒకే పొడుగు బల్ల యుండెడిది. గేరుకడ్డీ నేలమీద గాక, చుక్కాని కాడకు అమర్చబడియుండెడిది. కావున నడుమ కాళ్ళకు అడ్డు లేక, నడుపువాని ప్రక్కన ఇద్దరు కూర్చుండగలిగిరి. బొంబాయిలో తయారై, తరువాత పద్మిని యను పేరు పొందిన ఫియట్ కారును ఇట్టిదే. ముందు ముగ్గురు, వెనుక ముగ్గురు కూర్చుండుట మన పెద్దలకు క్రొత్త కాదు. కాని ఆ కార్లు ముందు ముగ్గురికొరకు కొలిచి కట్టినవి కావు. అంబాసిడరు వెడల్పు సుమారు 1 మీటరు 66 సెంటీమీటర్లు. తలుపుల మందమును తీసివేసిన తరువాత ముగ్గురు పెద్దల భుజములకు ఆ చోటు చాలదు. మనము సర్దుకొంటిమి, అంతే.

మొదటి సమాధానము: మూడు వరుసలు

1956లో ఇటలీ దేశపు ఫియట్ కంపెనీ 600 మల్టిప్లా యను చిన్న బండిని వెలువరించినది. దీనిని రూపొందించిన ప్రధాన శిల్పి దాంతె జకోజా. బండి పొడవు సుమారు మూడున్నర మీటర్లు, వెడల్పు 1 మీటరు 45 సెంటీమీటర్లు. ఇంత చిన్న బండిలో ఇద్దరేసి చొప్పున మూడు వరుసలలో ఆరుగురు కూర్చుండ వీలయ్యెను.

ఇది ఎట్లు సాధ్యమైనది? ఆయన యంత్రమును వెనుకకు పంపెను. 633 ఘన సెంటీమీటర్ల ఆ చిన్న యంత్రము వెనుక చక్రముల చెంత ఒదిగినది. ముందుభాగమున యంత్రము లేదు గనుక నడుపువాని ఆసనమును ముందుకు జరిపి, ముందరి ఇరుసునకు సరిగా పైననే అమర్చిరి. ఆ విధముగా మిగిలిన నిడివి రెండు వరుసలకు వచ్చినది. వెనుక రెండు వరుసలను మడిచినచో నేల చదునై సామాను బండి యగును. ఇటలీ నగరములలో ఇది టాక్సీగా చాలకాలము తిరిగెను. 1960వ దశకములో దీని తయారీ ఆగినది.

లెక్క చూడుడు. మూడున్నర మీటర్లను 1.45 మీటర్లతో గుణించిన సుమారు ఐదు చదరపు మీటర్లు. దానిని ఆరుగురికి పంచిన ఒక్కొక్కరికి చదరపు మీటరు కంటె తక్కువ. మన ఇండ్లలో ఒక నులకమంచము ఇంతకంటె ఎక్కువ చోటు తీసికొనును! అయినను దీనిలో ఒక లోపము కలదు. నడుపువాని మోకాళ్ళకు, ఎదుటివచ్చు లారీకి నడుమ పలుచని రేకు తప్ప మరేమియు లేదు. చోటు లాభమైనది గాని రక్షణ నష్టమైనది. బండి నిర్మాణములో ఏ లాభమును ఊరక రాదను సూత్రమును ఇచటనే గుర్తుంచుకొనవలెను.

రెండవ సమాధానము: రెండు వరుసలలో ముగ్గురేసి

నలుబది రెండేండ్ల తరువాత, 1998లో, అదే కంపెనీ అదే పేరుతో మరియొక బండిని తెచ్చెను. ఈ మల్టిప్లా రూపకర్త రొబెర్తో జొలీతో. ఈయన ప్రశ్నను తిరుగవేసెను. ఆరుగురికొరకు బండిని పొడుగు చేయుట ఎందుకు? వెడల్పు చేసిన సరిపోదా?

ఆ బండి పొడవు 3 మీటర్ల 99 సెంటీమీటర్లు. ఇది సాధారణమైన చిన్నకారు పొడవే. వెడల్పు మాత్రము 1 మీటరు 87 సెంటీమీటర్లు. లోపల ముందు మూడు, వెనుక మూడు, మొత్తము ఆరు ఆసనములు. ఇవి అంబాసిడరు బల్లవంటివి గావు. దేనికదియే విడిగా నిలుచు కుర్చీలు. ముందరి నడిమి కుర్చీ వీపును మడిచినచో అది చిన్న బల్లయగును. వెనుకటి మూడు కుర్చీలను ఊడదీసి ఇంటిలో పెట్టుకొనవచ్చును. గేరుకడ్డీని నేలమీదనుండి తీసి ఎదుటి పలకనుండి ముందుకు వచ్చునట్లు అమర్చిరి. అందుచే నడుమ కూర్చున్నవాని కాళ్ళకు అడ్డు లేదు. నేల ఈ కొసనుండి ఆ కొస వరకు చదును. ఆ చదును నేలక్రింద సహజవాయువు తొట్లను అమర్చిన నమూనాలును వచ్చినవి. వాటివలన లోపలి చోటు తరుగలేదు.

ఆరుగురు కూర్చున్న తరువాత వెనుక సామానునకు 430 లీటర్ల చోటు మిగులును. ఇది ఈ బండియొక్క అసలైన గొప్పతనము. ఆరుగురును ముందు చక్రములకు, వెనుక చక్రములకు నడిమి భాగముననే ఉందురు. ఎవరి తలయు వెనుక తలుపు అద్దమునకు ఆనుకొనియుండదు. జట్కావాడు కోరినది ఇదియే గదా! బరువు ఇరుసుల నడుమ నుండవలెనని.

దాని రూపము మాత్రము లోకమునకు నచ్చలేదు. ముందరి అద్దము మొదట ఒక మడతవంటి గట్టు, ఆ గట్టుమీద రెండు దీపములు. చూచినవారు కప్పతో పోల్చి నవ్విరి. ప్రపంచములోని వికారపు కార్ల జాబితాలలో దానిని చేర్చిరి. కాని 1999లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలవారు రాబోవు శతాబ్దపు వాహనములను గూర్చి పెట్టిన ప్రదర్శనలో ఇదే బండిని నిలిపిరి. 2004లో కంపెనీ ఆ గట్టును తీసివేసి, నలుగురివలె ముఖము దిద్దెను. 2010లో దీని తయారీ ముగిసెను. వెలుపలినుండి చూచినవారు నవ్విరి; లోపల కూర్చున్న కుటుంబములు దానిని ప్రేమించినవి. మనుష్యుల విషయమునను ఇట్లు జరుగుట కలదు.

2004లో జపాను దేశపు హోండా కంపెనీవారు ఇదే పద్ధతిని మరికొంత దిద్దిరి. యూరపులో ఎఫ్‌.ఆర్‌.వి. యనియు, జపానులో ఎడిక్స్ యనియు పిలువబడిన ఆ బండిలోను ముగ్గురేసి రెండు వరుసలే. అయితే నడిమి కుర్చీని వెనుకకు జరుపవచ్చును. అట్లు జరిపినచో ముగ్గురి భుజములు ఒకే గీతపై నుండక, నడిమివాని భుజములు ప్రక్కవారి వెనుకకు పోవును. ముగ్గురు ఒక అరుగుపై కూర్చున్నప్పుడు నడిమివాడు కొంచెము వెనుకకు జరిగిన అందరికిని సుఖమగుట మనకు తెలిసినదే. 2009లో ఈ బండియు నిలిచిపోయినది.

మన మార్గము: పొడవు కొలబద్ద

ఇట్టి వెడల్పు బండి మన రోడ్లమీద ఎందుకు కానరాదు? దీనికి రెండు కారణములు చెప్పవచ్చును.

మొదటిది వీథి. బరంపురపు పెద్దబజారు సందులలో ఎదురుబొదురుగా రెండు బండ్లు వచ్చినప్పుడు ఏమగునో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అచట పదమూడు సెంటీమీటర్లు తక్కువైనను ఆ మేరకు సుఖము.

రెండవది పన్ను. 2006లో భారత ప్రభుత్వము నాలుగు మీటర్లకు లోపడిన పొడవు, పరిమితమైన యంత్రము గల చిన్న కార్లకు సుంకము తగ్గించినది. నాటినుండి మన దేశమున నాలుగు మీటర్లు ఒక లక్ష్మణరేఖయైనది. కార్లు చేయువారు ఆ గీత దాటకుండ ఎంత చోటు పుట్టింపవచ్చునో చూడసాగిరి. ఈ ప్రయత్నములో పుట్టినదే 2019లో వచ్చిన రెనో ట్రైబర్. చెన్నపట్టణము సమీపమున ఒరగడములో తయారగు ఈ బండి పొడవు 3 మీటర్ల 99 సెంటీమీటర్లు. మల్టిప్లా కంటె నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ! వెడల్పు 1 మీటరు 74 సెంటీమీటర్లు. ఇందులో రెండు, మూడు, రెండు చొప్పున మూడు వరుసలలో ఏడుగురు కూర్చుందురు. కడపటి రెండు కుర్చీలను ఊడదీయవచ్చును. నడిమి వరుసను ముందుకు వెనుకకు జరుపవచ్చును.

రెండింటిని సరిపోల్చుడు. పొడవు ఇంచుమించు సమానము. ట్రైబరులో ఒక మనిషి ఎక్కువ. వెడల్పు పదమూడు సెంటీమీటర్లు తక్కువ. కాని ఏడుగురు కూర్చున్నప్పుడు సామానునకు మిగులు చోటు 84 లీటర్లు. మల్టిప్లాలో ఆరుగురు కూర్చున్నప్పుడు 430 లీటర్లు. అనగా ఐదు రెట్లకు పైమాట. ట్రైబరులో కడపటి కుర్చీలు తీసి ఐదుగురే కూర్చున్నచో 625 లీటర్ల చోటు వచ్చును. కావున ఏది మంచిదని అడుగరాదు. మన ఇంటివారు ఎందరు, మన వీథి ఎంత, మన సామాను ఎంత యని అడుగవలెను. మనుష్యులు, సామాను, వీథి వెడల్పు ఈ మూడింటిలో రెండింటిని తృప్తిపరచిన మూడవది అలుగును.

తెలుగునేలపైనను ఇట్టి బండి తయారగుచున్నది. పెనుగొండ చెంత ఎఱ్ఱమంచి గ్రామమున కియా కంపెనీ కర్మాగారము 2019లో కార్లను వెలువరింప మొదలిడెను. అచటనుండి 2022లో కారెన్స్ అను మూడు వరుసల కుటుంబ వాహనము వచ్చినది. దాని పొడవు నాలుగున్నర మీటర్లకు పైన. ఆరుగురి నమూనాలో నడిమి వరుసయందు రెండు విడి కుర్చీలుండును. లక్ష్మణరేఖను దాటిన బండి గనుక ధర ఎక్కువ; కాళ్ళకు చోటును ఎక్కువ. కృష్ణదేవరాయల కాలమున వేసవి రాజధానిగా పేరొందిన ఊరు నేడు కుటుంబములను మోయు బండ్లకు పుట్టినిల్లగుట మన పిల్లలకు చెప్పదగిన సంగతి.

ఒడిలోని బిడ్డ

ఇంతవరకు చోటును గూర్చి చెప్పుకొంటిమి. ఇక ప్రాణమును గూర్చి.

చాల సంవత్సరముల క్రిందట మా కుటుంబము సోనేపూర్ పోయి, సాయంకాలము అద్దెకారులో తిరిగివచ్చుచుండెను. ముందు పొడుగు బల్ల గల పాత కారది. మేము నడుపువానితో ఎనిమిదిమందిమి. ముందు నడుమ నేను కూర్చుంటిని. నా ఒడిలో మా అక్కయ్య కుమార్తె, ఐదేండ్ల పిల్ల. రెండు చేతులు దాని నడుముచుట్టు వేసి గట్టిగా పట్టుకొనియుంటిని. పల్లెబాట దాటి పెద్దరోడ్డునకు ఇంకను రాలేదు. వేగమును ఎక్కువ కాదు. చీకటిలో గేదె యొకటి అడ్డము వచ్చెను. బ్రేకు పడెను. నా చేతులు తెరచుకొన్నవని నాకు తెలియువేళకే పిల్ల గడ్డము ఎదుటి పలకకు తగిలెను. మూడు కుట్లు పడినవి. ఇంటికి వచ్చిన తరువాత అది నన్ను అడిగిన మాట నేటికిని నా చెవులలో నున్నది: "మామయ్యా, నువ్వు పట్టుకున్నావు కదా?"

నేను విజ్ఞానశాస్త్రము బోధించువాడను. ఆ మాటకు సమాధానము నల్లబల్లపై వ్రాయవలసినవాడను. ఆనాడు వ్రాయనిది నేడు వ్రాయుచున్నాను.

బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. అనగా సెకనుకు సుమారు 11 మీటర్లు. లోపలి బిడ్డయు అదే వేగముతో పోవుచున్నది. బండి దేనినో ఢీకొని సెకనులో పదవవంతు కాలమున ఆగినచో, బిడ్డ వేగమును అంత కాలములోనే ఆపవలెను. బిడ్డ బరువు 20 కిలోలు. 20ని 11తో గుణించి, పదవవంతుతో భాగించిన 2,200 న్యూటనుల బలము వచ్చును. ఇది 220 కిలోల బరువును ఎత్తిపట్టుటతో సమానము. రెండు క్వింటాళ్ళకు పైబడిన బియ్యపు బస్తాలను ఒక్కసారిగా చేతులలోనికి విసరిన పట్టగల మేనమామ ఎవడు? తల్లిప్రేమకును ఇది సాధ్యము గాదు. ఇది ప్రేమకు సంబంధించిన విషయము కాదు. చలనమునకు సంబంధించిన నియమము.

అంతేగాదు. ఒడిలో బిడ్డను పెట్టుకొని ఇద్దరికి కలిపి ఒకే బెల్టు బిగించుట మరింత ప్రమాదకరము. పెద్దవాని బరువు వెనుకనుండి బిడ్డను బెల్టునకు అదుమును. ముందుభాగమున గాలిసంచి గల కార్లలో, వెనుకకు తిరిగియుండు పసిపిల్లల కుర్చీని ఆ సంచి ఎదుట ఎన్నడును పెట్టరాదు. పెద్దవానిని కాపాడుటకు విచ్చుకొను సంచి పసివానిని కొట్టును. పిల్లలకు వెనుక వరుసయే తగిన చోటు. పిల్లల భద్రతను మన చట్టమును కోరుచున్నది. 2019 సెప్టెంబరు 1నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, 14 ఏండ్లు నిండని బిడ్డను బెల్టుతో గాని, పిల్లల కుర్చీతో గాని భద్రపరచక బండి నడుపుట వేయి రూపాయల జరిమానాకు తగిన తప్పు.

ఇప్పుడు మల్టిప్లా పాఠమును మరల తలచుకొనుడు. అంబాసిడరు బల్లమీద ముగ్గురు కూర్చుండుటకును, మల్టిప్లాలో ముగ్గురు కూర్చుండుటకును భేదమేమి? మొదటిదానిలో మూడవవాడు ఇరుకుకొనినవాడు. రెండవదానిలో మూడవవాని కొరకు ముందే ఆలోచించి, అతనికొక కుర్చీ వేసి, ఆ మేరకు బండినే వెడల్పు చేసిరి. అతిథిని పిలిచి పీటవేయుటకును, పంక్తిలో నెట్టుకొని దూరుటకును గల భేదమే ఇది.

బడికి పోవు బండి

ఈ పాఠము సోనేపూర్ విహారమునకు మాత్రము పరిమితము గాదు. మనవంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాల వీథి వీథికి నుండదు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాము మద్రాసు రాజధానినుండి విడివడిననాటినుండి ఈ ప్రాంతపు తెలుగువారు తమ బిడ్డలకు తమ భాషలో చదువు చెప్పించుటకు కొంత శ్రమ పడుచునే యున్నారు. ఆ శ్రమలో ఒకటి దూరము. ఇంటిప్రక్క బడిని విడిచి, మాతృభాష కొరకు దూరపు బడికి పంపు తలిదండ్రుల నిష్ఠ మెచ్చదగినది. కాని ఆ నిష్ఠయే బిడ్డను ప్రతి దినము రెండుమారులు రోడ్డుమీద పెట్టుచున్నది. దూరము పెరిగినకొలది ఖర్చు పెరుగును. ఖర్చు తగ్గించుకొనుటకు ఒక బండిలో మరి ఇద్దరిని ఎక్కింతురు. ఆటోలో నడుపువాని ప్రక్కన చిన్న పలక వేసి అటొకనిని, ఇటొకనిని కూర్చుండబెట్టుట మనము చూచుచునే యున్నాము.

నడుపువాని అదుపునకు అడ్డము వచ్చునట్లు ఎవరినిగాని, దేనినిగాని బండిలో ఉంచరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 125వ విభాగము చెప్పుచున్నది. ఆ పలకమీది బాలుని మోచేయి చుక్కాని పట్టునకు తగులుచుండును. వాని ప్రాణమే గాక వెనుకనున్నవారి ప్రాణములును ఆ మోచేతిమీద నున్నవి. ఆటోవానిని నిందించుట సులభము. మనము ఇచ్చు కిరాయిని తలకు లెక్కగట్టి చూచినచో, ఆ పలకను వేయించినవారిలో మనమును ఉన్నామని తెలియును. నెలకు మరికొంత కలిపి ఇత్తుము, తలలు తగ్గింపుమని నలుగురు తలిదండ్రులు కలిసి అడిగినచో కాదను నడుపువాడు అరుదు.

నడుమ కూర్చున్నవారి మాట

చివరకొక మాట. మూడు వరుసల బండిలో కడపటి వరుస పిల్లలకు వచ్చుట వాడుక. ముందు పెద్దలు, నడుమ ముసలివారు, వెనుక పిల్లలు. యంత్రపు చప్పుడులో నాయనమ్మ మాట వెనుకకు వినబడదు. పిల్లలు చేతి ఫోనులో మునిగిపోవుదురు. ముగ్గురేసి కూర్చుండు బండిలోనైతే నాయనమ్మకు అటొక మనుమడు, ఇటొక మనుమరాలు. కిటికీలోనుండి ఏదో చూచి పిల్లవాడు ఒడియాలో అడుగును. ఆమె తెలుగులో చెప్పును. "అదిగో, ఆ వంతెన కింద పారేది బాహుదా. ఇది ఇచ్ఛాపురం మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది" అని ఆమె చెప్పినప్పుడు, బడిలో మేము ఒక గంటలో చెప్పలేని తెలుగు వాని చెవిని పడును.

ఇందుకొరకు ఎవరును క్రొత్తబండి కొననక్కరలేదు. ఉన్న బండిలోనే వెనుక వరుసయందు నాయనమ్మను నడుమ కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల పిల్లలకు బెల్టులు బిగించినచో చాలును. నడిమి చోటు ఇరుకుదని ఆమెకు తోచినచో, ఆ దినమున తాతగారిని ముందు కూర్చుండబెట్టవచ్చును. ఆరవ మనిషి మిగిలినచో అతనికి బస్సు కలదు. రెండవ బండి కలదు. మరియొక ఆదివారము కలదు. ఒడి మాత్రము ఆసనము కాదు.

అభ్యాసము

1. ఇంటి ముంగిట సుద్దతో 3 మీటర్ల 99 సెంటీమీటర్ల పొడవు, 1 మీటరు 87 సెంటీమీటర్ల వెడల్పు గల గడిని గీయుడు. దానిలో మీ కుటుంబమంతయు రెండు వరుసలలో కూర్చుండుడు. పిమ్మట వెడల్పును 1 మీటరు 66 సెంటీమీటర్లకు తగ్గించి మరల కూర్చుండుడు. భేదమును పిల్లలచేత చెప్పింపుడు.

2. మీ బిడ్డ బరువును తూచి, పై పాఠములోని లెక్కను ఆ బరువుతో చేయింపుడు. వచ్చిన సంఖ్యను ఇంటి గోడమీద వ్రాయింపుడు.

3. మీ బిడ్డ బడికి వచ్చు బండిలో ఆసనములెన్ని, పిల్లలెందరు? రేపు ఉదయము బండి మీ ఇంటి ముందు ఆగినప్పుడు మీరే లెక్కింపుడు. రెండు సంఖ్యలు సమానము కానిచో, ఆ సాయంకాలమే ప్రక్కింటి తలిదండ్రులతో మాటలాడుడు.

మా అక్కయ్య కుమార్తె ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. గడ్డముక్రింద ఆ గీత నేటికిని కనబడును. క్రిందటి ఏడు అందరము కలిసి సోనేపూర్ పోయినప్పుడు, బండి కదలుటకు ముందు ఆమె వెనుకకు తిరిగి ప్రతి బెల్టును చేతితో లాగి చూచినది. నా బెల్టును కూడ చూచినది. ఏమియు అనలేదు. పాఠము తప్పక వచ్చిన విద్యార్థిని చూచిన సంతోషము నాకు కలిగినది.